విత్తనపు గింజలు – బి.ఎస్సీ. విద్యార్థికి శాశ్వత నిధి



ఇంటరు ఫలితములు వెలువడిన నాటినుండి మన ఇండ్లలో ఒక మాట వినిపించుచుండును. "మావాడికి ఇంజనీరింగులో మంచి సీటు రాలేదు, అందుకని బి.ఎస్సీ.లో వేసినాము" అని తల్లిదండ్రులు చెప్పుదురు. ఆ మాట చెప్పునప్పుడు వారి గొంతు కొంచెము తగ్గును. బి.ఎస్సీ. అనగా ఏదియు దొరకని వారికి మిగిలిన చదువు అని మనలో చాలమంది తలంచుచున్నారు.

అయితే ఒక్క క్షణము ఆలోచించండి. మీ ఊరి హైస్కూలులో భౌతికశాస్త్రము చెప్పే పంతులుగారు ఏమి చదివినారు? ఆసుపత్రి లేబొరేటరీలో మీ రక్తమును పరీక్షించిన అమ్మాయి ఎక్కడ మొదలుపెట్టినది? రామగుండము విద్యుత్ కేంద్రములో నీటిని, సింగరేణిలో బొగ్గును పరీక్షించే రసాయన శాస్త్రజ్ఞులు ఏ మెట్టు మీదుగా వెళ్లినారు? వీరిలో అనేకులు ఏదో ఒక చిన్న పట్టణపు డిగ్రీ కళాశాలలో, మరకలు పడిన ఒక ప్రయోగశాల బల్ల ముందు నిలువబడి బ్యూరెట్టు పట్టుకొన్నవారే. ఆ బల్ల ముందు నిలువబడుటకు నేడు ఒక విద్యార్థి లేనియెడల, పది సంవత్సరముల తరువాత సిర్పూరులోనో ఉట్నూరులోనో ఒక హైస్కూలుకు సైన్సు టీచరు ఉండరు. కనుక ఇది ఒక ఇంటి సమస్య మాత్రమే కాదు.

ఈ నెల మేము మీ ముందుంచగోరు విషయము ఇది: కళాశాలలో సైన్సు చదువుకొను పిల్లలకు ఒక్కసారి ఇచ్చి మరచిపోయే సహాయము కాక, తరతరములు నిలిచే సహాయము ఎట్లు చేయగలము? దీనిని ఇంగ్లీషువారు ఎండోమెంట్ అందురు. మన ప్రాంతములో ఆ మాట వినగానే దేవాలయముల భూములు చూచే శాఖ గుర్తుకు వచ్చును. మనము దీనిని శాశ్వత నిధి అని పిలుచుకొందము.

ఏటేటా చందా, ఏటేటా చింత

మన సంఘములలో ఔదార్యము లేదని ఎవరును అనలేరు. ఒక పిల్లకు ఫీజు కట్టవలెనని ఆదివారము నాడు ప్రకటించినచో ఎవరో ఒకరు చేయి చాచుదురు. అయితే ఆ సహాయము ఎవరి చెవిని ఎప్పుడు పడునో దానిమీద ఆధారపడి ఉండును.

మాకు తెలిసిన ఒక కుటుంబమున్నది. ఆసిఫాబాదు అవతలి పల్లెలో పత్తి చేలలో కూలి చేసుకొను తండ్రి, ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయి పట్టణములో గది అద్దెకు తీసుకొని, మరి ఇద్దరు స్నేహితురాండ్రతో కలిసి వండుకొనుచు, బి.ఎస్సీ.లో వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము, రసాయనశాస్త్రము చదివినది. కళాశాల ఫీజు ప్రభుత్వము చూచుకొన్నది. గది అద్దె, గ్యాసు, బస్సు, రికార్డు పుస్తకములు, పరీక్ష ఫీజు మాత్రము ప్రభుత్వము చూచుకొనలేదు. ఒక సంవత్సరము వానలు ఎక్కువై పత్తి నల్లబడినది. మూడు నెలల అద్దె బాకీ పడినది. పరీక్ష ఫీజు గడువు, ఆలస్య రుసుముతో కట్టే గడువు, రెండును దాటిపోయినవి. సంగతి సంఘమునకు తెలిసిన వారములోనే కావలసినంత డబ్బు పోగైనది. కాని పరీక్ష వెళ్లిపోయినది. ఆ అమ్మాయి అప్పటికే ఒక బట్టల దుకాణములో చేరినది. ఇచ్చినవారిలో లోపము లేదు, అడుగని ఆ అమ్మాయిలోను లోపము లేదు. అవసరము వచ్చిన దినమున డబ్బు అక్కడ లేదు, అంతే.

శాశ్వత నిధి చేసే పని ఇదే. ఎవరును ప్రకటన చేయకముందే, ఎవరును తలవంచి అడుగకముందే, డబ్బు అక్కడ ఉండును.

చెరువు, తూము, కట్ట

మన తెలంగాణ రైతుకు ఈ విషయము వివరించుట చాల సులువు. చెరువు నిండిన తరువాత నీరు తూము గుండా పొలమునకు పారును. తూము ఎంత తెరువవలెనో నీరటికాడు చూచుకొనును. ఎవడైనను తొందరపడి కట్టకే గండి కొట్టినచో ఒక్క దినము పొలములన్నియు నిండును, తరువాత చెరువే ఉండదు.

నిధిలో వేసిన అసలు సొమ్ము చెరువు వంటిది. దానిని ముట్టుకొనరాదు. దానిమీద వచ్చే వడ్డీ తూము నీరు. ఆ వడ్డీతోనే ఏటేటా విద్యార్థికి సహాయము చేయుదురు, ప్రయోగశాలకు రసాయనములు కొందురు. దాత గతించినను అసలు గతించదు. ఎంత కరువు వచ్చినను విత్తనపు గింజలు దంచుకొని తినరాదని మన పెద్దలు చెప్పిన నియమము కూడ ఇదియే.

విశాఖపట్టణములో ఒక గొలుసు

ఇట్టి దానము నిజముగా ఏమి చేయగలదో చూచుటకు మన తెలుగువారి చరిత్రలోనే ఒక చక్కని ఉదాహరణమున్నది.

విశాఖపట్టణములో గోడే వెంకట జగ్గారావుగారు అను జమీందారు 1840లో తన స్వంత ఖర్చుతో నక్షత్రములను పరిశీలించే వేధశాలను నెలకొల్పినారు. ఆయన తరువాత ఆ పనిని ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు చేపట్టినారు. ఈయన లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యుడు. 1874 డిసెంబరులో శుక్రగ్రహము సూర్యబింబము మీదుగా దాటిపోయినప్పుడు విశాఖపట్టణమునుండి దానిని పరిశీలించి వ్రాసినవారు ఈయనే. సైన్సు అను మాటయే మన పల్లెలకు చేరని దినములలో ఒక తెలుగు ఇంట దూరదర్శిని ఉండెను!

అదే పట్టణములో 1860లో పాఠశాలగా మొదలై 1878లో కళాశాలగా ఎదిగిన ఒక విద్యాసంస్థ ఉండెను. 1892లో నరసింగరావుగారు మరణించిన తరువాత ఆ కుటుంబపు విరాళము ఈ కళాశాలకు ఆధారమైనది. దానికి ఆయన భార్య గుర్తుగా మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల అని పేరు వచ్చినది. నేటికిని విశాఖలో దానిని ఆ పేరుతోనే పిలుతురు.

ఆ 1892వ సంవత్సరములోనే ఆ కళాశాలలో గణితము, భౌతికశాస్త్రము బోధించుటకు తమిళ దేశమునుండి చంద్రశేఖర అయ్యరుగారు వచ్చి చేరినారు. ఆయన వెంట నాలుగేండ్ల కుమారుడు ఉండెను. ఆ బాలుడు విశాఖలోనే పెరిగి, బడి చదువు ముగించి, తండ్రి పనిచేసే ఆ కళాశాలలోనే చదివి, తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలకు వెళ్లినాడు. ఆయనే సర్ సి.వి. రామన్.

గొలుసు అక్కడ తెగలేదు. 1930లలో కల్యంపూడి రాధాకృష్ణారావు అను కుర్రవాడు అదే ఏ.వి.ఎన్. కళాశాలలో ఇంటరు చదివినాడు. రామన్‌గారి తండ్రియైన చంద్రశేఖర అయ్యరుగారి పేరిట అక్కడ ఉన్న స్కాలర్‌షిప్ ఆ కుర్రవానికి దొరికినది. అటుపిమ్మట ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితములో ఎం.ఏ., కలకత్తాలో గణాంకశాస్త్రము చదివినాడు. 1945లో, ఇరువదియైదేండ్ల వయస్సులో, ఆయన ప్రచురించిన వ్యాసములోని ఫలితమును ప్రపంచమంతట నేటికిని ఆయన పేరుతో పాఠముగా చెప్పుచున్నారు. 2023లో గణాంకశాస్త్రమునకు ఇచ్చే అంతర్జాతీయ బహుమానము ఆయనకు లభించినది. అదే సంవత్సరము ఆగస్టులో, నూట రెండేండ్ల వయస్సులో ఆయన కన్నుమూసినారు.

చూడండి, దాతకు రామన్ ఎవరో తెలియదు, రాధాకృష్ణారావు ఎవరో తెలియదు. వారిలో ఒకరు అప్పటికి చిన్న పిల్లవాడు, మరియొకరు ఇంకను పుట్టలేదు. దాత ఇచ్చినది ఒక గుమ్మము తెరచియుంచుటకు మాత్రమే. ఎవరు లోపలికి వచ్చెదరో ఆయన నిర్ణయించలేదు.

కలకత్తాలో ఒక న్యాయవాది

దాత పెట్టే షరతు ఎంత ముఖ్యమో తెలిసికొనుటకు కలకత్తా వెళ్లవలెను. సర్ తారకనాథ్ పాలిత్ పేరుపొందిన న్యాయవాది. 1912లో ఆయన తన భూమిని, ధనమును, అంతయు కలిపి దాదాపు 15 లక్షల రూపాయల విలువగలదానిని, సైన్సు బోధన కొరకు కలకత్తా విశ్వవిద్యాలయమునకు ఇచ్చివేసినారు. మరుసటి సంవత్సరము మరియొక న్యాయవాది సర్ రాస్ బిహారీ ఘోష్ 10 లక్షలు ఇచ్చినారు. 1914లో సైన్సు కళాశాలకు పునాది పడినది.

పాలిత్‌గారు ఒక షరతు వ్రాసినారు: తన నిధినుండి జీతము పొందే ఆచార్యులు భారతీయులై ఉండవలెను. ఆ దినములలో పెద్ద ఉద్యోగములన్నియు తెల్లవారికే దక్కుచుండెను. ఆ షరతు వలననే ప్రఫుల్ల చంద్ర రాయ్ రసాయనశాస్త్ర ఆచార్యులైనారు. 1917లో రామన్‌గారు ప్రభుత్వ ఆర్థిక శాఖలో ఎక్కువ జీతము వచ్చే ఉద్యోగమును వదలుకొని పాలిత్ ఆచార్యపదవిలో చేరినారు. 1928 ఫిబ్రవరి 28న ఆయన కాంతిని గూర్చిన తన గొప్ప విషయమును కనుగొన్న స్థలము, 1876లో డాక్టరు మహేంద్రలాల్ సర్కార్ ప్రజల విరాళములతో స్థాపించిన సంస్థలోని ప్రయోగశాల. జీతము ఒక దాత నిధినుండి, ప్రయోగశాల అనేక దాతల చందాలనుండి! 1930లో నోబెల్ బహుమానము వచ్చినది.

రామన్‌గారి వద్ద పనిచేసిన మన తెలుగువాడు సూరి భగవంతము. హైదరాబాదు నిజాం కళాశాలలో బి.ఎస్సీ. చదివి, కలకత్తా వెళ్లి, 1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయములో భౌతికశాస్త్రము బోధించుటకు వచ్చినారు. తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైనారు. ఒక బి.ఎస్సీ. ఎక్కడికి చేర్చునో చెప్పుటకు ఇంతకంటె మంచి సాక్ష్యము ఏది?

జయపురము మహారాజు మాట

ఆ ఆంధ్ర విశ్వవిద్యాలయపు సైన్సు కళాశాల వెనుక కూడ ఒక దాత ఉన్నారు. జయపురము మహారాజు విక్రమదేవ వర్మగారు ఏటేటా లక్ష రూపాయలు ఇచ్చుటకు మాట ఇచ్చినారు. 1930లలో లక్ష రూపాయలు అనగా ఎంత ధనమో మీరు ఊహించుకొనవచ్చును. సైన్సు, సాంకేతిక శాస్త్రముల కళాశాలకు జయపుర విక్రమదేవ కళాశాల అని పేరు పెట్టినారు. భగవంతముగారు, రసాయనశాస్త్రములో టి.ఆర్. శేషాద్రిగారు అక్కడ శిష్యులను తయారుచేసినారు.

అయితే ఈ దానములో మనము గమనించవలసిన ఒక తేడా ఉన్నది. పాలిత్‌గారు అసలునే ఇచ్చివేసినారు. మహారాజు ఏటేటా ఇచ్చుటకు మాట ఇచ్చినారు. అట్టి మాటకు ఆధారము ఆయన ఎస్టేటు ఆదాయము. మహారాజు 1951లో మరణించినారు. ఆ సంవత్సరమే ఒరిస్సాలో ఎస్టేట్ల రద్దు చట్టము వచ్చినది. మనిషి మాట ఎంత గొప్పదైనను, దాని వెనుకనున్న భూమి, ఉద్యోగము, వ్యాపారము మారిపోవచ్చును. అసలు సొమ్ము కళాశాల చేతికి వచ్చినప్పుడే అది శాశ్వత నిధి. ఏటేటా ఇచ్చెదనన్న మాట మంచిదే, కాని అది చెరువు కాదు, వాన వంటిది.

మన జిల్లాల సంగతి

మన కరీంనగరులో 1956నుండి నడచుచున్న ఎస్.ఆర్.ఆర్. ప్రభుత్వ కళాశాల పేరులో వేములవాడ రాజరాజేశ్వరుని పేరున్నది. జగిత్యాల ప్రభుత్వ కళాశాల శ్రీ కాసుగంటి నారాయణరావుగారి పేరు ధరించియున్నది. ఓరుగల్లులో చందా కాంతయ్యగారి పేరిట సి.కె.ఎం. కళాశాల ఉన్నది. ఈ కళాశాలల గేటు దాటే విద్యార్థులలో ఎంతమందికి ఈ మూడు నాలుగు అక్షరముల వెనుక ఏ పేరున్నదో తెలుసు? పేరు అక్షరములుగా కుదించుకుపోయినను, చదువు మాత్రము నిలిచియున్నది.

2008లో కరీంనగరులో శాతవాహన విశ్వవిద్యాలయము వచ్చినది. అదే సంవత్సరము బాసరలో ట్రిపుల్ ఐటీ వచ్చినది. 2016 అక్టోబరులో జిల్లాలు చీలి, పాత ఆదిలాబాదు నాలుగు జిల్లాలైనది. పాత కరీంనగరునుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు వేరైనవి. చదువు దగ్గరైనది. ప్రభుత్వము ఫీజు రీయింబర్స్‌మెంటు ఇచ్చుచున్నది. మరి దాతల అవసరమేమున్నది అని కొందరు అడుగుదురు.

సమాధానము ఇది. ప్రభుత్వ సహాయము ఫీజు వరకే చేరును. అది కూడ విడుదలగుటకు ఆలస్యము కావచ్చును. కేంద్ర ప్రభుత్వము 2008లో ఆరంభించిన ఇన్‌స్పైర్ పథకములో సైన్సు డిగ్రీ చదివేవారికి ఏటికి 80,000 రూపాయల స్కాలర్‌షిప్ నిర్ణయించినారు. చాల మంచి పథకము. కాని అది ముఖ్యముగా ఇంటరులో తమ బోర్డులో మొదటి ఒక శాతములో నిలిచినవారి కొరకు. గోదావరిఖనిలో, బెల్లంపల్లిలో, ఖానాపూరులో నూటికి డెబ్బది మార్కులు తెచ్చుకొని, ఇంట్లో చదువుకొన్న మొదటి బిడ్డగా కళాశాలకు వచ్చిన పిల్ల ఆ లెక్కలోనికి రాదు. ఊరి హైస్కూలుకు రేపు సైన్సు టీచరుగా తిరిగి వచ్చేది మాత్రము సాధారణముగా ఆ పిల్లయే.

ఇక ప్రయోగశాల సంగతి. కుర్చీ ఒకసారి కొన్నచో పదేండ్లు నిలుచును. సిల్వర్ నైట్రేటు అట్లు నిలువదు. ఆమ్లములు, ఫిల్టరు కాగితములు, సూక్ష్మదర్శిని స్లైడ్లు ప్రతి సెమిస్టరు అయిపోవును. బ్యూరెట్ల ముక్కులు విరుగును. ఇవి లేనప్పుడు ఏమగును? ఇరువది మంది ఒక్క బ్యూరెట్టు చుట్టు నిలువబడుదురు, ఒకడు చేయును, మిగిలినవారు వాని అంకెలు వ్రాసికొందురు. అట్లు మూడేండ్లు గడిపినవాడు చేతిలో పట్టాతో వెళ్లును గాని చేతికి పని రాదు. భవనములు కట్టించే దాతలు దొరుకుదురు, ఫిల్టరు కాగితములకు దాతలు దొరకరు. శాశ్వత నిధి ఈ కనబడని ఖర్చులకే బహు ప్రయోజనకరము.

లెక్క చూచుకొందము

ఒక కుటుంబముగాని, కొన్ని కుటుంబములు కలిసిగాని 3 లక్షల రూపాయలు పోగుచేసినారనుకొందము. బ్యాంకు వడ్డీ 7 శాతమని లెక్క కొరకు అనుకొందము. ఏటికి 21,000 రూపాయలు వచ్చును.

ఇక్కడ చాలమంది దాతలు ఒక సంగతి మరచుదురు. ఆ 21,000 మొత్తము ఏటేటా ఖర్చుచేసినచో అసలు 3 లక్షలుగానే నిలుచును, కాని ధరలు నిలువవు. ధరలు ఏటికి 6 శాతము పెరిగినచో సుమారు 12 ఏండ్లలో ఆ డబ్బు విలువ సగమగును. ఒకప్పుడు వెయ్యి రూపాయలతో పెట్టిన బహుమాన నిధిమీద నేడు 7 శాతము చొప్పున ఏటికి 70 రూపాయలు వచ్చును. దానితో పతకము కాదు గదా, ఒక మంచి రికార్డు పుస్తకము కొనుటయే కష్టము. దాత పేరు బోర్డు మీద ఉండును, విద్యార్థి చేతిలో ఏమియు ఉండదు.

కనుక వచ్చిన వడ్డీలో మూడింట రెండు వంతులు, అనగా 14,000 ఖర్చుచేసి, మిగిలిన 7,000 అసలులో కలుపవలెను. ఇట్లు చేసినచో పదేండ్లకు అసలు సుమారు 3,78,000 అగును. ఏటికి ఇవ్వగలిగిన సొమ్ము 17,600 వరకు పెరుగును. ఇది ధరల పెరుగుదలను పూర్తిగా తట్టుకొనలేకపోయినను, నిధి కరగిపోకుండ కాపాడును. ఏటేటా ఒక చిన్న కానుక చేర్చుచున్నచో ఇంకను బలపడును. అమెరికాలోని గొప్ప విశ్వవిద్యాలయములు కూడ తమ నిధి విలువలో ఏటికి నాలుగైదు శాతము మాత్రమే ఖర్చుచేయుట సాధారణ నియమముగా పెట్టుకొనుచున్నవి.

14,000 రూపాయలు చిన్న మొత్తమని తలంచవద్దు. ఇద్దరు విద్యార్థుల పరీక్ష ఫీజులు, రికార్డు పుస్తకములు, కొన్ని నెలల గది అద్దెకు అది చాలును. చదువు ఆగిపోవుటకును, సాగిపోవుటకును నడుమనున్న మొత్తము అనేకసార్లు అంతమాత్రమే.

కాగితము మీద వ్రాయవలసిన సంగతులు

మంచి మనస్సుతో మొదలైన నిధులు కూడ చెడిపోవుటకు కారణము, అవి నోటిమాటగా మొదలగుటయే. కనుక ఈ సంగతులు జాగ్రత్తగా గమనించండి.

మొదటిది, ఉద్దేశము స్పష్టముగాను విశాలముగాను ఉండవలెను. ఫలాని గ్రూపు వారికే అని ఇరుకుగా వ్రాసినచో, రేపు ఆ గ్రూపు పేరు మారినప్పుడు నిధి పడిపోవును. తెలంగాణలో 2016నుండి డిగ్రీ ప్రవేశములు దోస్త్ అను ఆన్‌లైన్ పద్ధతికి మారినవి, కోర్సుల కూర్పులు కూడ మారుచున్నవి. "సైన్సు డిగ్రీ విద్యార్థులకును, వారి ప్రయోగశాల అవసరములకును" అని వ్రాసినచో కాలము మారినను నిలుచును.

రెండవది, ధనము వేరు ఖాతాలో ఉండవలెను. ప్రిన్సిపాలుగారి పేరిటగాని, సంఘ కోశాధికారి పేరిటగాని ఉండరాదు. ప్రిన్సిపాళ్లు బదిలీ అగుదురు, కోశాధికారులు మారుదురు. ప్రభుత్వ కళాశాలలలో ప్రజల విరాళములు స్వీకరించుటకు కళాశాల ప్రణాళిక, అభివృద్ధి మండలి, అనగా సి.పి.డి.సి., ఉన్నది. దాని ద్వారా ఇచ్చినప్పుడు కూడ, అసలును కదల్చరాదని తీర్మానము వ్రాయించుకొని ప్రతి తీసికొనండి. స్వంతముగా ట్రస్టు పెట్టదలచినవారు దస్తావేజు రిజిస్టరు చేయించుకొనవలెను. ఆదాయపు పన్ను చట్టము క్రింద దాతలకు మినహాయింపు దొరకు మార్గమును ఆడిటరును అడిగి తెలిసికొనవలెను.

మూడవది, ఎంపిక చేసేవారు ముగ్గురికి తక్కువ ఉండరాదు. అందులో ఒకరు ఆ కళాశాల సైన్సు అధ్యాపకులై ఉండవలెను. దాత కుటుంబము నుండి ఒకరు ఉండవచ్చును, కాని నిర్ణయము వారి ఒక్కరిదే కారాదు. తమ బంధువుల పిల్లలకు తామే ఇచ్చుకొన్న నిధికి ఇతరులు ఎవరును కానుక చేర్చరు.

నాలుగవది, ఏటికి ఒకసారి లెక్క చదివి వినిపించవలెను. వచ్చినదెంత, ఇచ్చినదెంత, అసలులో కలిపినదెంత అను మూడు అంకెలు చాలును. విద్యార్థి పేరు మాత్రము వేదిక మీద చదువవద్దు. సహాయము పొందిన పిల్ల తోటివారి ఎదుట తలదించుకొనునట్లు చేసే దానము దానము కాదు. సొమ్ము నేరుగా ఆమె బ్యాంకు ఖాతాలోనికి వెళ్లవలెను.

అయిదవది, విదేశములనుండి వచ్చే డబ్బు. మన కరీంనగరు, జగిత్యాల, నిర్మల్ ప్రాంతములనుండి దుబాయి, మస్కట్ వెళ్లి పనిచేయువారు ఎందరో ఉన్నారు. భారత పౌరసత్వము ఉన్నవారు తమ సంపాదననుండి బ్యాంకు ద్వారా ఇచ్చినది చట్టము దృష్టిలో విదేశీ విరాళము కాదు. అమెరికా మొదలగు దేశముల పౌరసత్వము తీసికొనినవారు ఇచ్చినది మాత్రము విదేశీ విరాళమే. దానికి ఎఫ్.సి.ఆర్.ఏ. అనుమతి ఉన్న సంస్థయే తీసికొనవలెను. ఈ తేడా తెలియక చేర్చుకొన్న డబ్బు మంచి పనిని చిక్కులలో పడవేయును.

జ్ఞాపకార్థము

మన దేవాలయములలో తల ఎత్తి చూచినచో ఫ్యానుల రెక్కల మీద పేర్లు కనబడును. బల్లల వెనుక, గడియారము క్రింద, మైకు పెట్టె మీద "జ్ఞాపకార్థము" అని వ్రాసియుండును. చనిపోయిన తల్లిదండ్రులను జ్ఞాపకము చేసికొనుట మంచి అలవాటు. అయితే ఫ్యాను పదిహేనేండ్లలో పాడగును, బల్లకు చెదలు పట్టును. ఒక కుటుంబములోని అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు కలిసి తమ తల్లి పేరిట ఒక బి.ఎస్సీ. విద్యార్థినికి నిధి పెట్టినచో, ఆ తల్లి పేరు ప్రతి జూన్ నెలలో ఒక క్రొత్త పిల్ల నోట పలుకబడును.

1843లో మచిలీపట్టణములో నోబుల్‌గారు బడి తెరచినప్పుడు గాని, 1885లో గుంటూరులో లూథరన్ మిషనువారు కళాశాల నెలకొల్పినప్పుడు గాని, దానికి కావలసిన ధనములో ఎక్కువ భాగము సముద్రముల అవతలి సాధారణ విశ్వాసుల కానుకలనుండి వచ్చినది. వారెవరును మన ముఖములు చూడలేదు. ఆ చదువు ఫలము మన తాతలు తిన్నారు, మనము తినుచున్నాము. ఇప్పుడు ఇచ్చే వంతు ఎవరిది?

మా వద్ద లక్షలు ఎక్కడివి అని మీరనవచ్చును. ఒకరివద్ద ఉండనవసరము లేదు. 60 కుటుంబములు నెలకు 100 రూపాయల చొప్పున ఇచ్చినచో ఏటికి 72,000 అగును. నాలుగు ఏండ్లు తిరిగి అయిదవది నడుచుచుండగానే 3 లక్షలు నిండును. ఆ నాలుగేండ్లు ఎవరికిని ఏమియు ఇవ్వకుండ పోగుచేయుట కష్టముగా తోచును. అడిగే విద్యార్థులు ఎదుట ఉందురు, పెట్టెలో డబ్బు ఉండును, చేయి దురద పుట్టును. అందుకని పోగగుచున్న కాలములో అత్యవసరములకు వేరుగా కానుక పట్టండి. నిధిని మాత్రము ముట్టవద్దు. మన రైతు పస్తు ఉండియైనను విత్తనపు బుట్టను అటక మీదనే ఉంచును.

మీ సంఘ కమిటీ రాబోవు సమావేశములో ఈ విషయమును చర్చకు పెట్టండి. ముందుగా మీ దగ్గరి డిగ్రీ కళాశాలకు వెళ్లి సైన్సు అధ్యాపకులను ఒక్క ప్రశ్న అడుగండి: గత సంవత్సరము డబ్బు లేక చదువు మానినవారు ఎంతమంది, వారికి తక్కువైన మొత్తము ఎంత? వారు చెప్పే అంకె విన్న తరువాత, ఎంత ఇవ్వవలెనో మేము మీకు చెప్పనక్కర లేదు.